జిగురు లేని బొట్టు

నర్సీపట్నంలో గాజుల షాపులకేం కొదవ లేదు. అబీద్ సెంటర్లో నిలబడి ఏ పక్కకి తిరిగినా గాజుల స్టాండు ఒకటి కళ్లబడుతుంది. అయినా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో సీమంతం అనుకున్నా ముందు కబురు వెళ్లేది పుష్పవతికే. మెయిన్ రోడ్డు మీంచి కాస్త లోపలికి, మెడికల్ షాపు పక్క సందులో ఉంది ఆమె ఫ్యాన్సీ షాపు. బోర్డు మీద పేరు ఏనాడో వెలిసిపోయింది. బోర్డు చూసి వచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆమె మళ్లీ రాయించలేదు.

ఏడో నెల వచ్చిన పిల్ల చేతులు నీరు పట్టి ఉంటాయి. ఆ చేతులకి నిండుగా మట్టిగాజులు ఎక్కించాలి, ఒక్కటీ చిట్లకూడదు. చిట్లిందంటే అక్కడున్న పెద్ద ముత్తయిదువలందరి మొహాలూ మాడిపోతాయి. పుష్పవతి ముందు ఆ పిల్ల చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి మొదలు మెత్తగా పిసుకుతూ కబుర్లలోకి దించేది. మొగుడు టీ అయినా కాచిస్తాడా, అత్తగారు పుట్టింటికి పంపుతుందా అని ఏవేవో అడిగేది. పిల్ల నవ్వేలోపు గాజు మణికట్టుకి చేరిపోయేది. ఆమె తొడిగితే కాన్పు సులువవుతుందని ఒక పేరు కూడా పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, నాతవరం పల్లెల నుంచి కొయ్యూరు కొండల దాకా ఆ మాట పాకింది. ఆమె దాన్ని కాదనలేదు. ఎందుకంటుంది? పుష్పవతిది మంచి చెయ్యి అని నలుగురూ అంటుంటే వినడం కంటే ఆమెకి ఇష్టమైన పని ఇంకోటి లేదు.

ఆ మంచి చెయ్యిగల మనిషి బొట్టు కింద ఏముందో మాత్రం ఊరికి తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఆమె చిన్న ఎర్ర స్టిక్కరు బొట్టు పెట్టుకునేది. కొన్నాళ్లకి దాని కింద దురద మొదలైంది. గోకితే ఎర్రబడింది, తర్వాత పెసరబద్దంత తెల్లమచ్చ తేలింది. కంగారుపడి దాని మీద ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టింది. షాపు తనదే, బొట్టుబిళ్లల అట్టలు తనవే, కావలసిన సైజు తీసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. మచ్చ నెమ్మదిగా ఆ బొట్టంత అయింది. ఇంకో సైజు పెంచింది. మచ్చ కూడా పెరిగింది. అలా ఏళ్లు గడిచేసరికి పుష్పవతి నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు వెలిసింది. "అమ్మోరిలా ఉంటావే" అని ఆడవాళ్లు మెచ్చుకుంటుంటే తలవంచుకుని నవ్వేది. మచ్చకి కారణం ఆ బొట్టు వెనకున్న జిగురేనని ఆమెకేం తెలుసు? పాపం, మచ్చని దాచడానికని మచ్చనే పెంచుకుంటూ పోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చర్మం డాక్టరు దగ్గర వరసలో కూర్చుంటే తెలిసినవాళ్లు ఒక్కరైనా కనబడకపోరు. తెల్లమచ్చ అంటే జనం ఏం చేస్తారో ఆమె కళ్లారా చూసింది. వంటలు చేసే ఒక పెద్దావిడకి మోచేతి మీద మచ్చ కనబడిందని పెళ్లివారు సగం వంటలో ఇంటికి పంపించేశారు. అది అంటుకునే జబ్బు కాదు, పాపం చేస్తే వచ్చేదీ కాదు. ఈ సంగతి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా వాళ్లే ముందు విస్తరి ముందు నుంచి లేస్తారు. ఊరికి బుద్ధి వచ్చేదాకా గాజులు తొడక్కుండా కూర్చోమంటే కుదురుతుందా? అందుకని పుష్పవతి దాచింది. స్నానాల గదిలోనే అద్దం పెట్టుకుని, బొట్టు పెట్టుకున్నాకే బయటికి వచ్చేది. భర్త తాతాజీ నాతవరం రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున్నే వెళ్తే మళ్లీ భోజనానికే రావడం. ఆయనకి తెలుసో లేదో ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు.

తెలిసిన మనిషి ఒక్కతే. యలమంచిలిలో ఉండే అన్నయ్య కూతురు శ్రీదుర్గ. పుష్పవతికి ఉన్నది ఒక్క కొడుకు, వాడు అనకాపల్లిలో మెకానిక్కు. ఇంటరుకీ డిగ్రీకీ మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్న శ్రీదుర్గే ఆమెకి ఆడపిల్ల లేని లోటు తీర్చింది. ఆ రోజుల్లోనే ఓసారి పుష్పవతికి జ్వరం వచ్చి ఒళ్లు తెలియకుండా పడుకుంది. నుదుటి మీద తడిగుడ్డ వెయ్యడానికని శ్రీదుర్గ బొట్టు తీసింది. పుష్పవతి కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే చూస్తోంది.

"ఎవలకీ సెప్పకే తల్లీ," అంది పుష్పవతి. జ్వరం కంటే ఎక్కువ వణుకు వచ్చింది ఆమెకి.

"సెప్పనత్తా. నా మీద ఒట్టు," అంది శ్రీదుర్గ. లేచి షాపులోకి వెళ్లి కొత్త బొట్టు తెచ్చి, తనే సరిగ్గా మచ్చ మూసుకునేటట్టు పెట్టింది.

ఆ మాట తప్పలేదు. సొంత తండ్రి దగ్గర కూడా నోరు జారలేదు. పుష్పవతి మాత్రం ఆ తర్వాత శ్రీదుర్గ ఉన్నంతసేపు ఇంట్లో బొట్టు లేకుండా తిరిగేది. ఫ్యాను గాలి నుదుటికి తగలడం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే ఆమెకి తెలిసింది.

డిగ్రీ అయ్యాక శ్రీదుర్గ విశాఖపట్నం వెళ్లి పై చదువులు చదివి, పాలిమర్ల మీద పరిశోధనలో చేరింది. పాలిమర్లంటే ఏంటని అడిగితే, "ప్లాస్టిక్కూ రబ్బరూ అత్తా, నీ షాపులో గాజులు తప్ప మిగతావన్నీ అవే," అంది. ఒక వేసవిలో వచ్చినప్పుడు షాపులో స్టూలు మీద కూర్చుని, ట్యూబులైటు పక్కనున్న బల్లిని చూపించింది.

"అత్తా, ఆ బల్లి గోడ మీంచి ఎందుకు జారిపోదో తెలుసా?"

"కాళ్లకి జిగురుంటాది కాబోలు."

"సుక్క జిగురుండదు. అదే మరి గొప్ప."

బల్లి వేళ్ల కింద కంటికి ఆనని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయట. ఒక్కో వెంట్రుక కొన మళ్లీ వందలుగా చీలి ఉంటుంది. ఆ కొనలు గోడకి ఎంత దగ్గరగా ఆనుకుంటాయంటే, గోడలోని అణువులూ కొనల్లోని అణువులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక్కో కొన పట్టు ఏమంత కాదు. అన్నీ కలిసేసరికి బల్లి తలకిందులుగా కూడా నడిచేస్తుంది. వేలు కాస్త వంపు తిప్పి ఎత్తిందంటే పట్టు వదులుతుంది, గోడ మీద మరక కూడా మిగలదు. శ్రీదుర్గ వాళ్ల ల్యాబులో అలాంటి నూగునే తయారుచేస్తున్నారు. సన్నసన్నని రంధ్రాలున్న అచ్చులో సిలికోన్ పోసి, వేడి పెట్టి గట్టిపరిచి ఒలిస్తే, ఒక పక్కంతా ఆ నూగుతో పల్చటి పొర వస్తుంది. అది జిగురు లేకుండానే అంటుకుంటుంది.

"అందరూ మెషీన్లకి సేస్తన్నారు. నేను నీ నుదుటికి సేస్తానత్తా. జిగురు లేని బొట్టు."

పుష్పవతి గుండె మీద చెయ్యేసుకుంది. "ఒలమ్మో! బల్లి మీద పడితేనే తలస్నానం సేసి దీపం పెడతాం. నువ్వు దాన్ని తెచ్చి నుదుటి మీద పెట్టుకోమంటావేటే?"

"బల్లి లేదత్తా అందులో! అది గోడ పట్టుకునే ఇద్దె మాత్రమే."

"బల్లిని సంపలేదు కదా?"

"ఒట్టు, ఒక్క బల్లిని కూడా ముట్టుకోలేదు."

నవ్వులయ్యాక శ్రీదుర్గ అసలు సంగతి చెప్పింది. చవకరకం స్టిక్కర్ల జిగురులో ఉండే ఒక రసాయనం కొందరి ఒంటికి పడదు. చర్మానికి రంగునిచ్చే కణాలని అది చంపేస్తుంది. అత్తకి వచ్చినది ఇంకేదో జబ్బు కాదు, అదే అయి ఉంటుందని తనకి తెలిసిన డాక్టరు కూడా అన్నారట. పుష్పవతి లేచి, స్టాండు మీద వేలాడుతున్న స్టిక్కరు అట్టలన్నీ దించి మూటకట్టి అటకెక్కించింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా స్టాకు రాలేదనే చెప్పింది. కుంకుమ, తిలకం మాత్రం అమ్మింది.

శ్రీదుర్గ మొదట తెచ్చిన బొట్లు గోడకి బ్రహ్మాండంగా అంటుకునేవి, మనిషికి అంటుకునేవి కాదు. చెమట పడితే పట్టు పోయేది, పౌడరు రాస్తే పోయేది. ఓ రోజు ఒక పెళ్లికూతురికి గాజులు తొడుగుతుండగా నుదుటి మీంచి జారి గాజుల పెట్టెలో పడింది. పుష్పవతి పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ లోపలికి పరిగెత్తింది. ఆ సాయంత్రం ఫోన్లో మేనకోడలికి పడ్డ తిట్లు అన్నీ ఇన్నీ కావు. శ్రీదుర్గ నవ్వుతూనే విని, సిలికోన్ని ఇంకా మెత్తగా చేసింది. నూగు కొనల్ని పుట్టగొడుగు తలల్లా వెడల్పు చేసింది. తెచ్చింది, ఊడింది, మళ్లీ తెచ్చింది. చివరికి ఒక రకం నిలబడింది. పొద్దున్న పెట్టుకుంటే దీపాలవేళ దాకా కదలలేదు. కడిగి ఆరబెడితే మర్నాడు కూడా పనికొచ్చింది.

వచ్చినప్పుడల్లా శ్రీదుర్గ ఆమెని షాపు వెనక తెర చాటుకి తీసుకెళ్లి, కిటికీ వెలుగులో నుదుటిని ఫొటోలు తీసేది. బొట్టు పెట్టక ముందు, పెట్టాక, తీశాక.

"ఇయ్యెందుకే?"

"సర్మం ఎలగుందో ల్యాబులో నేను సూసుకోడానికత్తా. ఎవలకీ సూపించను."

పుష్పవతి ఇంకో మాట అడగలేదు. జ్వరంలో మాటిచ్చిన పిల్ల, ఇన్నేళ్లు నిలబెట్టుకున్న పిల్ల. అనుమానం వస్తే తనే చెంపలేసుకునేది.

చలికాలం వచ్చేసరికి మచ్చ అంచుల్లో చిన్నచిన్న గోధుమరంగు చుక్కలు కనబడ్డాయి. శ్రీదుర్గ ఫొటోని పెద్దది చేసి చూపించి, "రంగు తిరిగొస్తందత్తా!" అని ఎగిరి గంతేసింది. పూర్తిగా వస్తుందని చెప్పలేనంది గానీ, వస్తోందని మాత్రం చెప్పింది. పుష్పవతి ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది. కన్నకూతురైనా ఇంత చెయ్యదని తాతాజీతో కూడా అంది, ఏం చేసిందో మాత్రం చెప్పకుండా.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఊళ్లో ఒక ఆడపిల్లల కాలేజీలో సైన్సు పండగ పెట్టారు. మన ఊళ్లో చదువుకున్న అమ్మాయి పరిశోధన చేస్తోందని శ్రీదుర్గని మాట్లాడటానికి పిలిచారు. పుష్పవతి షాపు మూసేసి, పట్టుచీర కట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంది. పక్కన నాతవరం నుంచి వచ్చిన వరలక్ష్మమ్మ గారు ఉన్నారు. పుష్పవతికి రెండో పక్కన కూర్చున్న ఆవిడ కోడలు గౌతమి ఆ కాలేజీలోనే లెక్కలు చెబుతుంది. గౌతమికి ఏడో నెల. వచ్చే వారంలోనే సీమంతం. పుష్పవతి ముదురాకుపచ్చ గాజులు అప్పటికే ఏరి పక్కన పెట్టింది.

"నీ మేనకోడలా? ఎంత సక్కగా మాటాడతందమ్మా," అన్నారు వరలక్ష్మమ్మ గారు.

"నా సేతుల్లో పెరిగిన పిల్లండీ," అంది పుష్పవతి.

స్టేజీ మీద శ్రీదుర్గ తెర మీద బల్లి పాదం చూపించింది. పిల్లలు కిచకిచలాడారు. నూగు చూపించింది, అచ్చు చూపించింది. తర్వాత తెర మీదకి ఒక నుదురు వచ్చింది.

గోడంత నుదురు. మధ్యలో అంచులు అరిగిన తెల్లమచ్చ. కింద మొహమంతా ఉంది, కళ్ల మీద మాత్రం నల్లపట్టీ వేసి ఉంది. ముక్కుకి ఎర్రరాయి పుడక ఉంది, గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది. ఆ పచ్చబొట్టుని నర్సీపట్నంలో గాజులు తొడిగించుకున్న ఏ ఆడదైనా గుర్తుపడుతుంది. చెయ్యి ఆమె ఒళ్లో పెట్టి కూర్చున్నంతసేపూ ఎదురుగా కనబడేది అదే.

పుష్పవతికి ఏం జరుగుతోందో ముందు అర్థం కాలేదు. ఎవరిదో నుదురనే అనుకుంది. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాక ఆమె చెయ్యి తనకి తెలియకుండానే గడ్డం మీదకి వెళ్లింది. శ్రీదుర్గ మాట్లాడుతూనే ఉంది. ఇలాంటి మచ్చలకి జిగురు ఎలా కారణమవుతుందో, ఈ కొత్త బొట్టు పెట్టాక రంగు ఎలా తిరిగి వస్తోందో ఒక్కో ఫొటో మార్చి చెబుతోంది. కుర్రతనం, సంతోషం, చప్పట్లు, అన్నీ కలిసి ఆ పిల్ల ఒళ్లు మరిచిపోయింది.

"ఇన్నాళ్లూ ఎంతో ఓపిగ్గా ఈ పరిశోధనకి సాయం చేసినావిడ ఇక్కడే ఉన్నారు. మా మేనత్త. అత్తా, ఒకసారి లేచి నిలబడవూ?"

హాలంతా ఇటు తిరిగింది. లేవకపోతే ఇంకా చూస్తారని పుష్పవతి లేచింది. చప్పట్లు మోగాయి. ఎవరో ఆమెని చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించారు, ప్రిన్సిపాలు గారు శాలువా కప్పారు, ఎవరో పూలదండ తెచ్చారు. వెనక తెర మీద అదే మచ్చ అలాగే ఉంది, ఆమె తలకంటే పెద్దగా. ఫొటో తీసేవాడు కొంచెం నవ్వమన్నాడు. ఆమె నవ్వింది. నేల చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండునని ఆ క్షణంలో నిజంగానే కోరుకుంది.

దిగి వచ్చేసరికి వరలక్ష్మమ్మ గారు కూడా చప్పట్లు కొడుతున్నారు. గౌతమిని మాత్రం తనకి అవతలి పక్కకి మార్చి, పుష్పవతి కుర్చీకీ తనకీ మధ్యలో సంచీ పెట్టుకున్నారు.

ఇంటికి వెళ్లాక పుష్పవతి శాలువాతోనే అరుగు మీద కూర్చుండిపోయింది. తాతాజీ ఆటో ఆపి, మొహం చూసి, పక్కన కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది. మచ్చ సంగతి కూడా చెప్పింది, మొదటిసారి. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?" అంది ఆమె.

"ఎప్పుడో తెలుసు. పెళ్లైన మరుసటేడే సూసినాను."

"మరి ఎప్పుడూ అన్లేదేటి?"

"నువ్వు దాసుకుంతన్నావు కదా. ఇంక నేనేటంతాను?" అన్నాడు తాతాజీ. తర్వాత లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చాడు.

ఆ మాట విని పుష్పవతికి దుఃఖం ఇంకా ఎక్కువైంది. అక్షరమ్ముక్క రాని ఆటో మనిషికి తెలిసిన మర్యాద, తను పెంచి చదివించిన పిల్లకి లేకపోయింది.

వరలక్ష్మమ్మ గారి ఫోను రెండు రోజుల తర్వాత వచ్చింది. గొంతులో తేనె. "నువ్వు ఎండలో ఎందుకమ్మా సెమపడి రావడం? గాజులు వైజాగ్ నుంచి తెచ్చీసుకున్నాం. నువ్వు మాత్రం భోజనానికి తప్పకుండా రావాల." పుష్పవతి "అలాగేనండీ" అంది. వెళ్లలేదు. ఏరి పెట్టిన ఆకుపచ్చ గాజుల్ని మళ్లీ విప్పి స్టాండుకి ఎక్కించింది. కొయ్యూరు నుంచి రావలసిన పెళ్లివారు రాలేదు, వేరే షాపుకి వెళ్లారని తెలిసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, మొహాన ఎవరూ తలుపు వెయ్యలేదు. షాపుకి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. టిఫిన్ హోటలు నడిపే అప్పలలక్ష్మి వచ్చి గాజులు ఏరుకుంది. అలవాటుగా పుష్పవతి చెయ్యి చాపితే, "పర్లేదొదినా, నేనే ఏసుకుంతానులే," అని చెయ్యి వెనక్కి తీసుకుంది. తనే ఎక్కించుకుంటూ రెండు గాజులు చిట్లగొట్టుకుని, వేలు తెగినా సరే, చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

ఆదివారం శ్రీదుర్గ వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా, ఇంకో అట్టపెట్టె నిండా కొత్త బొట్లు. ఆ రోజు కాలేజీలో చూసినవాళ్లు ఎవరో మెచ్చుకుని, ఇంకా పెద్ద సభకి పిలిచారట. మేనత్త మొహం చూశాక స్వీట్ల డబ్బా మూత తియ్యకుండానే కౌంటరు మీద పెట్టింది.

"కోపమొచ్చిందా అత్తా?"

"నాకు మాటిచ్చినావు."

"కళ్ల మీద నల్లపట్టీ ఏసినాను కదా..."

"నా పచ్చబొట్టు ఊరికి తెల్దేటే? పోనీ, అదీ వదిలెయ్యి. నలుగుర్లో లేచి నిలబడమన్నావు. నేనెలగ నిలబడ్డానో నీకు తెలుసా?"

"నిన్ను గౌరవించాలనే పిలిచినానత్తా. ఇందులో సిగ్గుపడాల్సిందేం ఉంది? జబ్బు కాదది. అందరూ సూస్తే అందరి భయం పోతాదనుకున్నాను."

"ఊరి భయం పోగొట్టడానికి నా నుదురే దొరికిందా?"

"ఫొటో లేకపోతే ఎవలూ నమ్మరత్తా. ఎంత సెప్పినా నమ్మరు. నీది తప్ప నా దగ్గర ఇంకేముంది?" శ్రీదుర్గ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నన్నడగొచ్చు కదే."

"అడిగితే వద్దందువు."

"అవును. వద్దందును," అంది పుష్పవతి. "అది తెలిసే కదా, అడక్కుండా సేసినావు."

శ్రీదుర్గ తప్పయిపోయిందంది. ఇంకెక్కడా ఆ ఫొటోలు చూపించనంది. పుష్పవతి విననట్టే గాజులు తుడుచుకుంది. వెళ్లేటప్పుడు ఆ పిల్ల బొట్ల పెట్టె కౌంటరు మీదే వదిలి వెళ్లింది. పుష్పవతి దాన్ని చెత్తబుట్ట దాకా తీసుకెళ్లింది గానీ వెయ్యడానికి చెయ్యి రాలేదు. లోపల తెర వెనక పెట్టేసింది.

ఎండలు ముదిరాక, మధ్యాహ్నం సందు ఖాళీగా ఉన్న వేళ అప్పలలక్ష్మి మళ్లీ వచ్చింది. గాజులు అక్కర్లేదంది. అటూ ఇటూ చూసి, "ఒదినా, లోనికి ఒకపాలి రా," అంది. తెర వెనక్కి వెళ్లాక నుదుటి మీద బొట్టు పీకేసింది. దాని కింద అర్ధణా బిళ్లంత తెల్లగా ఉంది.

"ఎన్నాళ్లయింది?" అంది పుష్పవతి.

"నా పెద్దోడు పుట్టిన కాడ్నుంచి. ఎవలకీ సెప్పకు ఒదినా, నీకు దణ్ణం పెడతాను."

ఆ చెయ్యేనా తన చేతికి అందకుండా వెనక్కి వెళ్లింది అనుకుంది పుష్పవతి. ఒక మాట అనాలని నోటి దాకా వచ్చింది. అయినా పెట్టె తీసి ఒక బొట్టు తన చేత్తో పెట్టి, ఎలా కడుక్కోవాలో, ఎలా ఆరబెట్టుకోవాలో చెప్పి పంపింది. తర్వాత ఇంకొకావిడ వచ్చింది. పెళ్లికాని ఒక టీచరమ్మ మొహానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. ఇంతమందికి ఉందా అని పుష్పవతి నిర్ఘాంతపోయింది. అందరూ ఒకే వేళకి, ఎవరూ లేకుండా చూసి వచ్చేవారు. ఎవరికీ చెప్పొద్దని అందరూ ఆ ఒక్క మాటే అడిగేవారు. సీమంతాలకి మాత్రం ఎవరూ పిలవలేదు.

ఒక రోజు సందు మొగలో ఆటో ఆగి, వరలక్ష్మమ్మ గారు దిగారు. గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చి, షాపులో నిలబడకుండా తిన్నగా తెర వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు గొడుగు ముడుస్తూనే ఉన్నారు.

"గౌతమికి ఆడపిల్లమ్మా," అన్నారు చివరికి. "సులువుగానే అయింది."

"సంతోషమండీ," అంది పుష్పవతి.

ఆవిడ తల దించుకుని బొట్టు తీశారు. పుష్పవతిది ఎంతో అంత ఉంది మచ్చ. ఆ రోజు హాల్లో పక్కనే కూర్చుని, చప్పట్లు కొట్టి, కోడల్ని పక్కకి జరిపిన మనిషి. పుష్పవతి అడుగుదామనుకుంది, నీకుంటే ఒకటీ నాకుంటే ఒకటా అని. ఆవిడ తీసిన బొట్టుని గుప్పిట్లో దాచుకుని, ఎవరైనా వస్తారేమోనని తెర వైపే చూస్తున్నారు. అలాంటి చూపు ఆమెకి బాగా తెలుసు.

"మా సిన్నదానికింకా సంబంధాలు సూస్తన్నాం. ఇది బయటికి పొక్కిందంటే మరి..."

"పొక్కదండీ."

అప్పుడే ఫోను మోగింది. శ్రీదుర్గ. కొన్నాళ్లుగా రోజూ చేస్తోంది, పుష్పవతి ఎప్పుడో గాని ఎత్తడం లేదు. ఈసారి ఎత్తింది. బొట్ల పెట్టె అడుగంటింది మరి.

"అత్తా, బాగున్నావా? భోంచేసినావా?" కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక శ్రీదుర్గ నెమ్మదిగా అడిగింది. "మొన్నటి నుంచీ అడుగుదామనుకుంటన్నాను. కాలేజీలో సూశాక నీ దగ్గరికి ఎవలైనా వచ్చినారా? అలాంటి మచ్చలున్నవాళ్లు? పేర్లు వద్దత్తా. ఈసారి అన్నీ అడిగే సేస్తాను. ఒప్పుకున్నవాళ్ల నుదురు ఒక్కటే సాలు, మొహం అక్కర్లేదు. ఇంకో నలుగురు దొరికినా ఈ బొట్టు బయటికి వస్తాది, అందరికీ అందుతాది."

ఎదురుగా స్టూలు మీద వరలక్ష్మమ్మ గారు బోసి నుదుటితో ఆమెకేసే చూస్తున్నారు. ఫోన్లో ఆ పిల్ల గొంతు చిన్నప్పటిలాగే ఉంది. ఆ గొంతులో అబద్ధం లేదని పుష్పవతికి తెలుస్తోంది. ఆ రోజు తెర చాటున ఫొటోలు తీసినప్పుడు కూడా అబద్ధం లేదు.

"ఎవలూ రాలేదే," అంది.

"ఒక్కలు కూడా?"

"ఒక్కలు కూడా రాలేదు. ఇంకో పెట్టె బొట్లు పంపించు. బేగి పంపు."

"పెట్టెడు బొట్లు అప్పుడే అయిపోనాయా?"

"అయిపోనాయి."

"అన్నీ నీకేనా అత్తా?"

"నాకే," అంది పుష్పవతి.

"ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తానత్తా," అంది శ్రీదుర్గ. పుష్పవతి ఫోను పెట్టేసి, మిగిలిన ఆఖరి బొట్టు తీసి, వరలక్ష్మమ్మ గారి గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది.